మూడు పట్టీలు, ఒక నక్షత్రం

పటాలంలో ధర్మగురువుగా ఉన్న అన్నప్పశాస్త్రిగారికి నాయబ్ సుబేదార్ హోదా ఉంది. పగలు యూనిఫారంలో ఉండగా కెప్టెన్ శశిధర్ ఎదురైతే ఆయన సెల్యూట్ చేస్తారు. సాయంత్రం పంచె కట్టుకుని మందిరం అరుగు మీద గీత చెప్పేటప్పుడు అదే శశిధర్ బూట్లు విప్పి వచ్చి ఆయనకు దండం పెడతాడు. ఈ ఏర్పాటుతో ఇద్దరికీ ఏ పేచీ లేదు.

పేచీ ఒక విందులో వచ్చింది. విదేశీ సైన్యాలతో కలిసి చేసిన విన్యాసాలు ముగిశాక అందరికీ భోజనాలు పెట్టారు. ఒంటి నక్షత్రం ఉన్న ఓ విదేశీయుణ్ణి ముందు వరసలోనూ, శశిధర్‌ను అతని వెనక వరసలోనూ కూర్చోబెట్టారు. ఆ దేశంలో ఒక పెద్ద నక్షత్రమంటే మేజరని శశిధర్‌కు తెలియక కాదు; హోదాలూ గుర్తులూ బట్టీపట్టి పరీక్ష రాసినవాడే. అయినా భుజాన మూడు నక్షత్రాలు పెట్టుకుని, ఒక్కటున్నవాడి వీపు చూస్తూ అన్నం తినడం అతనికి మింగుడుపడలేదు. కుర్రతనంలో ఇలాంటివి కాస్త గట్టిగానే తగులుతాయి.

మర్నాడు పాఠం మొదలుకాకముందే అడిగాడు. “గురువుగారూ, వచ్చే నెల శాంతిసేనలో మూడు దేశాలవాళ్ళుండే కాపలా చౌకీకి వెళ్తున్నాను. ఒకరికి చుక్కలు, ఒకరికి గీతలు, ఇంకొకరికి కిరీటం. అక్కడ పెద్ద ఎవరో దేన్నిబట్టి తేల్చుకోవాలి? నా మాట ఎవరు వింటారు?”

శాస్త్రిగారు సమాధానం చెప్పకుండా ఓ సంగతి చెప్పారు.

పటాలం అంతకుముందు శాంతిసేనకు వెళ్ళినప్పుడు, ఓ దూరపు చౌకీలో పూజ చేయించి ఆయన జీపులో తిరిగి వస్తున్నారు. ముందు సీట్లో, డ్రైవరు పక్కన హవల్దార్ గొర్లె తవిటయ్య కూర్చున్నాడు. శ్రీకాకుళం మనిషి, చొక్కా చేతి మీద మూడు పట్టీలు. వెనక స్ట్రెచర్ మీద తొడలో తూటా దిగిన సిపాయి. అతని పక్కన ఓ విదేశీ డాక్టరు. హోదా మేజరు, భుజాన ఒకే నక్షత్రం. నెత్తురు ఆగడం లేదు. డాక్టరు మోకాళ్ళ మీద కూర్చుని గాయాన్ని రెండు చేతులతో అదిమి పట్టుకున్నాడు.

వాగు దాటేచోట ఓ తిరుగుబాటు ముఠా అడ్డుపడి తుపాకులు లాగేసుకుంది. వాళ్ళ మనిషొకడు సర్కారు చెరలో ఉన్నాడట. అతన్ని వదిలేదాకా జీపులోవాళ్ళలో ఒకణ్ణి తమ దగ్గర ఉంచుకుంటామన్నారు. “మీలో పెద్దవాడు దిగాలి. చిన్నవాణ్ణి ఉంచుకుంటే మీ వాళ్ళు పట్టించుకోరు” అన్నాడు నాయకుడు వచ్చీరాని ఇంగ్లీషులో.

పెద్ద ఎవరో అతనే తేల్చుకోదలిచాడు. నాయకుడు రబ్బరు చెప్పులు ఈడ్చుకుంటూ జీపు చుట్టూ తిరిగాడు. డాక్టరు భుజం మీద వేలుపెట్టి ఒకటి అన్నాడు. తవిటయ్య చేతి మీద వేలుపెట్టి ఒకటి, రెండు, మూడు అన్నాడు. డ్రైవరుకు ఏమీ లేవు. శాస్త్రిగారు పంచెలో ఉన్నారు గనుక లెక్కలోకే రాలేదు. “నువ్వే పెద్ద. దిగు” అన్నాడు తవిటయ్యతో.

డాక్టరు మర్యాదస్థుడు. తన బదులు ఇంకొకణ్ణి పోనివ్వడం ఆయన వల్ల కాలేదు. “కాదు, నేను...” అంటూ లేవబోయాడు. చేతులు సడలగానే గాయంలోంచి నెత్తురు చిమ్మింది. తవిటయ్య వెనక్కి తిరిగి, కొత్త సిపాయిలను గదమాయించే గొంతుతో అరిచాడు.

“సిట్ డౌన్ సార్! హ్యాండ్ నో రిమూవ్!”

డాక్టరు కూర్చున్నాడు. మేజరు హవల్దారు హుకుం పాటించగా చూడటం తన సర్వీసులో అదొక్కసారేనన్నారు శాస్త్రిగారు. తవిటయ్య టోపీ సర్దుకుని దిగి వాళ్ళ వెంట నడిచాడు. జీపు కదులుతుంటే శాస్త్రిగారికి ఏడుపొచ్చింది.

సిపాయి బతికాడు. కొన్నాళ్ళకు ఆ చెరలో ఉన్న మనిషిని వదిలితే తవిటయ్యనూ వదిలారు. చిక్కి సగమై వచ్చాడు. వాళ్ళు కొట్టిన దెబ్బలకు ఎడమ చెవి పోయింది. పైగా పటాలంలో అతని మీద విచారణ పెట్టారు. మేజరు పక్కనుండగా తనే పెద్దనని చెప్పుకోవడానికి హవల్దారుకు ఏం అధికారముందని నిలదీశారు. లోపల హిందీలో ఏం జవాబిచ్చాడో గాని, బయటికొచ్చి శాస్త్రిగారితో అన్నమాట ఇది:

“నానేటీ సెప్పనేదు పంతులుగోరూ. ఆడే లెక్కెట్టినాడు. నాను కాదన్నేదు, అంతే.”

విచారణ అధికారులు ఏమీ తేల్చకుండానే దాన్ని ముగించారట.

శశిధర్ తన ఎడమ చెవి తడుముకున్నాడు. ఆ చెవి సంగతి అతన్ని పట్టుకున్నట్టుంది. చివరికి, “అయితే ఆ ముఠావాడు పెద్ద ఎవరో పోల్చుకోవడంలో పొరబడ్డాడనే కదా, గురువుగారూ?” అన్నాడు.

“మూడు ఎక్కువన్నాడు, ఒకటి తక్కువన్నాడు” అన్నారు శాస్త్రిగారు. “అందులో తప్పేముంది నాయనా?”