రెండు గ్రాముల అదుము

హనుమకొండలో గ్రేసమ్మ మేడం దగ్గర, చెడిపోయిన హార్డ్‌డిస్కుల్లోంచి సమాచారం బయటికి తీసే పని నేర్చుకునేవాళ్లందరికీ ఒక సంగతి తెలుసు. ఆవిడను పని గురించి అడిగితే జవాబు చెబుతుంది. బతుకు గురించి అడిగితే పని చెబుతుంది. పాలిటెక్నిక్‌లో ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పి, ఉపన్యాసాల మీద నమ్మకం పోగొట్టుకున్న మనిషి.

ఓదేలు అడిగింది బతుకు గురించే. క్వారీ కార్మికుల సంఘంలో రెండేళ్లు తిరిగి, నెల కిందట బయటికి వచ్చేశాడు. కరపత్రం అచ్చుకు పోయేముందు కమిటీకి చూపించాలట. సభలో ఏం మాట్లాడతాడో ముందే చెప్పాలట. అధ్యక్షురాలు లింగవ్వ అతను రాసిన పేజీలో సగం కొట్టేసి, "నీ మాటలు మస్తుంటయి బిడ్డా. మనోళ్లకు అర్థమైతెనే కష్టం" అన్నది. కమిటీ అంతా నవ్వింది. పెట్టుబడి సంకెళ్లు తెంచుతామని బయల్దేరినవాళ్లే కలానికి సంకెళ్లు వేస్తారా అని అతను ఆ రోజే లేచి వచ్చేశాడు.

"మేడం, కొట్లాడే మనిషి మీద ఇంకొకల్ల బరువు ఎందుకుండాలె? బరువు లేకుంటెనే గద మనిషి లేచేది?"

గ్రేసమ్మ బల్ల మీదున్న డిస్కును అతని వైపు జరిపింది. "మీ సంఘానిదే. పొద్దున లింగవ్వ ఇచ్చి వెళ్లింది. కింద పడేశారట, హెడ్లు పోయాయి. నువ్వే మార్చు."

అందులో ఏముందో ఓదేలుకు చెప్పనక్కర్లేదు. రాతిదుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుని మంచం పట్టిన అరవై ముగ్గురి వాంగ్మూలాలు. ఊరూరా తిరిగి రికార్డు చేసింది అతనే. వాళ్లలో పదకొండు మంది ఇప్పుడు లేరు, అందులో ఒకడు అతని తండ్రి. సోమవారం లేబర్ కోర్టులో విచారణ. ఇంకో కాపీ తీసి పెట్టాలని అందరూ అనుకున్నారు, ఎవరూ తీయలేదు.

డిస్కు లోపల అద్దంలాంటి పళ్లెం ఒకటి తిరుగుతుంది. దాని పైకి చాచిన సన్నటి చేయి కొసన, ఆవగింజలో సగం ఉండే పలుకు. హెడ్డు అంటే అదే. చదివేది ఆ పలుకే, కానీ పళ్లేన్ని తాకదు. పళ్లెం తన వేగానికి ఈడ్చుకొచ్చే గాలి పలుకు కిందికి దూరి దాన్ని లేపుతుంది. ఎంత ఎత్తంటే, వెంట్రుకను పదివేల పొరలుగా చీలిస్తే అందులో ఒక పొరంత. ఆ చేతికున్న స్ప్రింగు మాత్రం పలుకును రెండు గ్రాముల బరువుతో కిందికి అదుముతూనే ఉంటుంది. ఇవన్నీ ఓదేలు నోటుపుస్తకంలో రాసుకున్నాడు. ఆ స్ప్రింగు అతనికి మొదటిరోజు నుంచీ నచ్చలేదు. ఎక్కడ చూసినా పైనుంచి అదిమేవాడొకడు.

దుమ్ము చొరని గాజుపెట్టెలో చేతులు పెట్టి, అదే మోడల్ డిస్కులోంచి తీసిన మంచి హెడ్లు బిగించాడు. కాకపోతే బిగించేముందు, గ్రేసమ్మ కంప్యూటర్ సర్దుతున్నంతలో, ట్వీజర్‌తో స్ప్రింగును ఒక పిసరు పైకి వంచాడు. అసలే దెబ్బతిన్న పళ్లెం. దాని మీద నాయన గొంతు ఉంది. అదుము తగ్గితే ముప్పూ తగ్గుతుంది కదా అనుకున్నాడు.

పళ్లెం తిరిగింది. చదివిన ముక్కకొకటి చొప్పున తెర మీద పచ్చగళ్లు వరసగా పడ్డాయి. తర్వాత ఒకటి పడి ఒకటి పడలేదు. ఆ తర్వాత పెట్టెలోంచి సన్నగా ఈల వినిపించింది. గ్రేసమ్మ లేచి వచ్చి కరెంటు తీగ లాగేసేసరికి నాలుగు సెకన్లు పట్టింది.

"ఏం చేశావు?"

"స్ప్రింగు జర పైకి వంచిన మేడం. తగలొద్దని."

"తగిలింది."

మూత తీసి చూపించింది. పళ్లెం మీద గుండ్రంగా, గోటితో గీసినట్టు ఒక గీత.

"గాలి ఒక్కటే లేపితే అది ఎగురుతుంది" అన్నది. "ఎగిరింది ఊగుతుంది. ఊగేది ఎక్కడో ఒకచోట వచ్చి పడుతుంది. పైనుంచి అదిమేది ఉంటేనే అది ఒకచోట నిలబడి చదువుతుంది. మనకు ఎత్తుతో పనేముంది ఓదేలూ? చదవడంతో పని."

పళ్లెం మీది పొడిని ఆవిడే తుడిచింది.

"ఇంకొక్క జత హెడ్లున్నాయి. ఇదే ఆఖరు. నువ్వే పెట్టు."

"మీరే పెట్టున్రి మేడం."

"పాడుచేసినవాడి చేయి ఈసారి జాగ్రత్తగా ఉంటుంది. కూర్చో."

ఈసారి స్ప్రింగు జోలికి పోలేదు. గీతపడ్డ వలయాన్ని దాటించి, మిగతాదంతా మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా చదివించారు. యాభై ఎనిమిది వాంగ్మూలాలు వచ్చాయి. తండ్రిది వచ్చింది. ఆయన దగ్గి, పేరు చెప్పి, క్వారీ పేరు చెప్పి, ఎన్నేళ్లు రాయి కొట్టాడో చెప్పి, నీళ్లు అడిగాడు. ఓదేలు చివరిదాకా విన్నాడు. ఐదు రాలేదు. ఆ ఐదూ గీత కిందివే. ఐదుగురిలో ఇద్దరు బతికి ఉన్నారు, సోమవారం లోపు మళ్లీ చెప్పించుకోవచ్చు. ముగ్గురు లేరు.

అతను కాగితం తీసుకుని ఆ ఐదిళ్లకు ఇవ్వాల్సిన ఉత్తరం రాశాడు. పేజీ నిండింది. అందులో చారిత్రక తప్పిదం ఉంది, ఆత్మవిమర్శ ఉంది, అమరుల గొంతుకలు ఉన్నాయి. డిస్కు పాడుచేసింది నేనే అన్న మాట పదిహేడో వరుసలో ఉంది. గ్రేసమ్మ కళ్లద్దాలు పెట్టుకుని మొత్తం చదివింది.

"రేపు పొద్దున్నే పోయి ఇస్త మేడం. ఇట్ల రాస్తె సరిపోతదా?"

ఆవిడ కాగితాన్ని మడిచి అతని జేబులో పెట్టింది.

"ముందు లింగవ్వకు చూపించు. ఆమె కొట్టేసింది మళ్లీ రాయకు."