పొడలమ్మ నెమరేసిన గ్రీకు మాట

మామిడితోట చివర కోళ్ల గూడు, దాని పక్కనే మేకల పాక. ఆ పాకలో ఉండే పొడలమ్మ అనే మేకకు కాయితం కనబడితే నమిలెయ్యడం ఒక్కటే వచ్చని అందరి నమ్మకం. కానీ పొడలమ్మ నమిలేముందు చదివేది.

తోట యజమాని అటక సర్దుతూ పారేసిన వాటిలో దానికొక పుస్తకం దొరికింది. ప్రాచీన గ్రీకు తత్వవేత్తల మాటలు, తెలుగులో. నోరు తిరగని పేర్లను తుమ్మముళ్లలా తప్పించుకుని, మాటల్ని మాత్రం లేతాకుల్లా ఏరుకునేది. ఎండవేళ ఒక పుట చదివి, పొద్దువాలేదాకా నెమరేసేది. ఎంతకీ అర్థంకాని పుటల్ని తినేసేది.

"ఎన్ని వందల ఏళ్ల కిందటి పెద్దలో, నాతో మాట్లాడుతున్నారు" అని మెడ నిక్కించి చెబితే కోళ్లు నవ్వేవి.

ఒక సాయంత్రం నక్క ముళ్లకంచె అవతల నిలబడి గొంతు సవరించుకుంది.

"అమ్మల్లారా, గురువుల పాదాల దగ్గర గ్రీకు తత్వం చదివి వస్తున్నాను. జ్ఞానికి చావంటే భయం ఉండదని ఆ మహానుభావులు చెప్పారు. మీరేమో భయంతో ఈ కంచెలోనే మగ్గుతున్నారు. అదుగో ఆ పొదలో పాఠం చెబుతాను, రండి."

కోడిపుంజు రొమ్ము విరుచుకుంది. "మన జాతిలో తత్వం చదివినవాళ్లు లేరన్న మాట ఇవాళ్టితో పోవాలి" అంటూ కంచె సందులోకి తల దూర్చింది. పెట్టలు దాని వెనకే కదిలాయి.

పొడలమ్మ కంచె దగ్గరికి పరుగున వచ్చింది. నక్క చెప్పిన మాట నిజంగానే పుస్తకంలో ఉంది. అబద్ధమంటే ఎవరూ నమ్మరు. అప్పుడు దానికి ఆ పుస్తకంలోని ఒక ముసలాయన గుర్తొచ్చాడు. ఎదుటివాణ్ణి ఆయన కాదనడు, ప్రశ్నలు అడుగుతాడు.

"నక్క బావా, చిన్న సందేహం" అంది పొడలమ్మ.

"గాడిదకేం తెలుసు గంధం వాసన. నీకెందుకు వదినా ఇవన్నీ?"

"నేను మేకను కదా, అందుకే అడుగుతున్నాను. చావుకు భయపడనివాడే జ్ఞాని అన్నావు. నువ్వు జ్ఞానివేనా?"

"అనుమానమా?"

"అయితే నీకు చావంటే భయం లేదు."

"ఆవగింజంత కూడా లేదు."

"జ్ఞానం అందరికీ పంచాల్సిందేనా, కొందరికే దాచాలా?"

పుంజు తల వెనక్కి తీసుకుని వింటోంది. నక్క తడుముకోకుండా అంది, "అందరికీ పంచాల్సిందే."

"మంచి మాట. మన వేటకుక్క బావి పక్కన పడుకుంది. వాడినీ పిలుస్తాను, పాఠం ఇక్కడే మొదలుపెట్టు." అని పొడలమ్మ గొంతెత్తి అరిచింది.

బావివైపు నుంచి మొరుగు వినబడేసరికి నక్క నోట మాట ఆగింది, కాళ్లు ఆగలేదు. తోకవెంట్రుకలు కొన్ని ముళ్లకంచెకు వదిలేసి, జొన్నచేలోకి పడి పరుగెత్తింది.

పుంజు సిగ్గుపడుతూ దగ్గరికొచ్చింది. "మేకక్కా, ఆ పుస్తకం మొత్తం చదివావా?"

"లేదు నాయనా. సగం చదివాను, కొంత తిన్నాను" అంది పొడలమ్మ, కొమ్ములు మరింత పైకెత్తి. "చదివిందంతా మాత్రం నాదే."

అరువు తెచ్చుకున్న పాండిత్యం అరుపుకే బెదురుతుంది, నెమరేసిన మాట ఆపదలో నిలబడుతుంది.