సింగారమ్మ దారం

అనగా అనగా, మన ముత్తాతలకు ముత్తాతలు కూడా పుట్టని రోజుల్లో, కొండమీద ఒక బడి, ఏటి ఒడ్డున ఒక బడి ఉండేవర్రా. కొండ బడిలో ఏడాదికి రెండు పరీక్షలు. ఏటి బడిలో మూడు. పరీక్ష గట్టెక్కితే మెడలో ఒక తులసిపూస కట్టేవారు. రెండు బళ్లలోనూ పూస ఒకటే. ఏడాదికెన్ని అన్నది మాత్రం ఎవరి పద్ధతి వాళ్లది.

కొండ బడిలో సింగారమ్మ నీళ్లు తోడేది. బిందె దించితే "రామా", ఎత్తితే "రామా". అంతకుమించి ఆవిడకు చదువు లేదు.

ఒక ఏడు ఏరు పొంగి ఏటి బడిని ఊడ్చుకుపోయింది. వరాలనే పిల్ల ఆరు పూసలతో కొండెక్కి వచ్చింది.

"ఆరే! మూడేళ్ల చదువన్నమాట," అని కొండ బడిలో పాఠాలు చెప్పే ఒజ్జయ్యగారు మురిసిపోయి, పెద్దపిల్లల్లో కూర్చోబెట్టారు.

మొదటిరోజు పాఠం అడిగారు. పిల్ల తల వంచుకుంది. రెండోరోజు అడిగారు. తల వంచుకుంది. మూడోరోజూ అంతే.

"పూసలు ఏట్లో ఏరుకొచ్చిందిరోయ్!" అని పిల్లలు గేలిచేశారు.

ఒజ్జయ్యగారు మండిపడ్డారు. "రాని చదువుకు పూసలా? రేపే కొండ దిగిపో."

దిగి ఎక్కడికి పోతుంది పాపం? కింద బడే లేదాయె.

బావి దగ్గర ఏడుస్తున్న వరాల్ని చూసి సింగారమ్మ ప్రాణం ఉసూరుమంది. మొహం కడిగింది. నీళ్లు తాగించింది.

"నిజం చెప్పు తల్లీ. ఈ పూసలు నీవేనా?"

"నావే అవ్వా. ఇది ఎండల్లో కట్టారు. ఇది వానల్లో. ఇది చలిలో. మళ్లీ ఇది ఎండల్లో, ఇది వానల్లో, ఇది చలిలో."

"ఓసి పిచ్చితల్లీ! ఎండాకాలం ఏడాదికి ఒక్కసారేగా వచ్చేది!"

సింగారమ్మ తన చీర చెంగులోంచి రెండు దారప్పోగులు లాగింది. మూడేసి పూసలు ఒక్కో దారానికి కట్టింది. పిల్ల చెయ్యి పట్టుకుని ఒజ్జయ్యగారి ముందుకు వెళ్లింది.

"అయ్యా, కోప్పడకండి. ఈ పిల్ల చదువుకుంటూ చూసినవి రెండే ఎండాకాలాలట."

ఆయన ఒక్కో దారం ఎత్తి, మూడేసి పూసలూ వేలితో తడిమి చూశారు.

"పూసలు లెక్కపెట్టాను గానీ, పిల్లనో మాట అడగలేదమ్మా," అన్నారు మెల్లగా.

వరాల్ని రెండేళ్లు చదివినవాళ్ల మధ్య కూర్చోబెట్టి పాఠం అడిగారు. పిల్ల తలెత్తింది. గడగడా ఒప్పజెప్పింది.

సింగారమ్మ ఎప్పుడో రాముడిలో కలిసిపోయింది. ఇప్పటికీ ఆ కొండ బడికి కొత్తపిల్ల వస్తే, ఎన్ని పూసలని ఎవరూ అడగరు. ముందు మంచినీళ్లిస్తారు. పక్కన కూర్చుని, ఏ ఏడాది పూసలు ఆ ఏడాదికి విడిగా కడతారు. దాన్ని సింగారమ్మ దారమంటారు. కొత్త దారం వాడరు. ఎవరో ఒక తల్లి కట్టి విడిచిన చీర చెంగులోంచే తీస్తారు.