పడమటి గది

ఒక నేతగత్తెకు ఒక గుంట కావలసి వచ్చింది.

పెద్ద గుంటేం కాదు. మోకాళ్ళ లోతు ఉంటే చాలు, అంచున కూర్చుని కాళ్ళు లోపలికి వదలడానికి. ఆమెది గుంట మగ్గం. కింద కాళ్ళు తొక్కుతుంటేనే పైన బట్ట పెరుగుతుంది. గుంట లేకపోతే ఆ మగ్గం ఉత్త కర్రల మోపు.

అద్దె ఇంట్లో గుంట తవ్వడమంటే మాటలు కాదు. ఒక యజమాని నేల పాడవుతుందన్నాడు. ఇంకొకాయన వాస్తు చెడుతుందన్నాడు. ఒకావిడ సరేనని తవ్వనిచ్చి, తన మేకపిల్ల అందులో పడిందని నెల్లాళ్ళు పోట్లాడింది. అలా ఆమె పదకొండు ఇళ్ళు మారింది. పదకొండు గుంటలు తవ్వింది, పదకొండూ తన చేత్తోనే పూడ్చింది. పూడ్చిన ప్రతిసారీ ఏడ్చింది కూడా. ఎవరినీ అడక్కుండా గడ్డపార ఎత్తగలిగే చోటు ఒక్కటి ఇవ్వమని దేవుడికి దణ్ణం పెట్టుకునేది.

ఆ ఊళ్ళోనే గొడుగులు బాగుచేసే ఒకాయన తన ఇల్లు అమ్మకానికి పెట్టాడు. ఈ ఊళ్ళో వానలు తగ్గిపోయాయి, వానలు పడే ఊరికి వెళ్ళి బతుకుతానన్నాడు. న్యాయమైన మాటే. ఇంట్లో మూడు గదులకు నాపరాళ్ళు పరిచి ఉన్నాయి. పడమటి గది ఒక్కటే మట్టినేల. నేతగత్తె ఆ నేలను అరికాలితో నొక్కి చూసి, బేరమాడడం మరిచిపోయింది.

ఇంటి కాగితాలు తన తువ్వాల్లో మూటకట్టుకుని ప్లీడరు దగ్గరికి బయల్దేరింది. ఆ ఊళ్ళో ఇళ్ళ దస్తావేజులు చూసే ప్లీడర్లు ఇద్దరున్నారు. ఒకాయన్ని నవ్వే ప్లీడరంటారు. రెండో ఆయన్ని ఆగండి ప్లీడరంటారు. ఎందుకంటారో పేర్లే చెబుతున్నాయి.

నవ్వే ప్లీడరు మూట విప్పి, మొదటి కాగితం చూశాడు, చివరి కాగితం చూశాడు.

"నిక్షేపంగా కొనుక్కోండమ్మా. ఎల్లుండి మంచి రోజు. గొడుగులాయన తరఫున కూడా నేనే రాస్తున్నాను, మీకు కలిసొస్తుంది" అన్నాడు.

ఆమె సంతోషంగా లేచింది. వీధి చివరిదాకా వచ్చాక ఆ సంతోషం కాస్త పలచబడింది. ఇటు నాకూ అటు ఆయనకూ ఒక్కడే రాస్తే, తేడా వచ్చిననాడు ఈయన ఎవరి పక్కన నిలబడతాడు? అనుకుని రెండో ప్లీడరు గుమ్మం ఎక్కింది.

ఆగండి ప్లీడరు నవ్వలేదు. కాగితాలన్నీ బోర్లించి, అడుగునున్న పాత కాగితం నుంచి మొదలుపెట్టాడు. చదివి, మళ్ళీ చదివాడు. ఆయన కాఫీ చల్లారిపోయింది. నేత తెలిసిన వాళ్ళు బట్ట కొనేటప్పుడు ముందు తిరగేసి చూస్తారు, పోగులు ఎక్కడ తెగాయో ఎక్కడ ముడిపడ్డాయో తెలిసేది వెనకవైపే. ఈయన కాగితాలను అలా చూస్తున్నాడని ఆమెకు తోచింది.

"ఎన్నాళ్ళు పడుతుందండీ?" అంది.

"చూడందే చెప్పలేను. ఒక్కటి మాత్రం చెప్పగలను. నేను మీ మనిషిని, అమ్మేవాళ్ళ మనిషిని కాదు. అందుకని మీకు నచ్చని మాటలు కూడా చెబుతాను."

"అయితే ఇప్పుడేం చెయ్యమంటారు?"

"ఆగండి" అన్నాడాయన.

ఇల్లు అమ్మేవాడి కాగితం అమ్మేవాడి గురించి మంచే చెబుతుందని ఆ ప్లీడరు నమ్మకం. ప్రతి దస్తావేజులోనూ నాలుగు హద్దులు రాస్తారు కదా, తూర్పున ఫలానావాళ్ళు, పడమట ఫలానావాళ్ళు అని. అలాగే ఇరుగుపొరుగు కాగితాల్లో ఈ ఇల్లు కూడా ఒక హద్దుగా ఉంటుంది. అక్కడ దీన్ని ఎవరిదని రాశారో చూడాలంటాడు. ఈ చాదస్తం కోసం ఎండలో నాలుగిళ్ళూ తిరిగాడు.

మూడు కాగితాల్లో ఇది గొడుగులాయన తండ్రి ఇల్లనే ఉంది. పడమటింట్లో పచ్చళ్ళు పెట్టి అమ్మే ఆవిడ ఉంటుంది. ఆవిడ ట్రంకుపెట్టె అడుగునుంచి తీసిచ్చిన కాగితంలో వేరే మాట ఉంది: "తూర్పు హద్దు, గొడుగుల దుకాణం వారి కుమార్తెకు తండ్రి దానమిచ్చిన గది."

అది ఆ మట్టినేల గదే. ఆ సంగతి ప్లీడరు వచ్చి చెప్పగానే నేతగత్తెకు కాళ్ళ కింద నేల కదిలినట్టయింది.

గొడుగులాయన్ని పిలిపించారు. ఆయన దొంగేం కాదు, మరిచిపోయినవాడు. మరిచిపోవడం వీలుగా ఉంటే మనిషికి జ్ఞాపకం రావడం కష్టం.

"మా చెల్లెలు పెళ్ళయి వెళ్ళి ఇరవై రెండేళ్ళయిందండీ. ఏనాడూ ఆ గది ఊసెత్తలేదు. అడగందే అమ్మయినా పెట్టదంటారు" అన్నాడు.

"అడగలేదంటే ఇచ్చేసినట్టు కాదు కదండీ" అన్నాడు ప్లీడరు. "ఆవిడ వచ్చి సంతకం పెట్టాలి."

గొడుగులాయనకు కోపం వచ్చింది. ఇంకో బేరం సిద్ధంగా ఉందనీ, పది రోజులు చూసి వాళ్ళకే ఇచ్చేస్తాననీ చెప్పి వెళ్ళిపోయాడు. అక్కడ ఇంకో బేరమేమీ లేదు, అది వేరే సంగతి.

నేతగత్తె పరిస్థితి గోరుచుట్టు మీద రోకటిపోటులా ఉంది. గుంట పూడ్చేసిన పదకొండో ఇల్లు నెలాఖరుకు ఖాళీ చెయ్యాలి. పన్నెండో అద్దె ఇల్లు వెతుక్కునే ఓపిక లేదు. ఇంతలో నవ్వే ప్లీడరు వీధిలో ఎదురుపడి, "పక్కింటి పెట్టెలో కాగితం ఎవరు చూస్తారమ్మా? రేపు రాయించేద్దాం" అన్నాడు. ఆమె మనసు అటే లాగింది. ఆ ఊపులో వెళ్ళి తన ప్లీడరును కడిగేసింది.

"మీ చాదస్తం వల్ల ఇల్లు చేజారిపోతోంది. నా గుంట సంగతి మీకేం తెలుసు?"

ప్లీడరు అంతా విన్నాడు. ఆయనకు కోపం రాలేదు.

"చేజారితే ఒకసారే బాధపడతారు. ఆ చెల్లెలు ఏదో ఒకనాడు వచ్చి గుమ్మంలో నిలబడితే, మీరు గుంటలోంచి లేచి ఏం చెబుతారమ్మా?"

పదకొండుసార్లు లేవగొట్టించుకున్న మనిషికి చోటు పోగొట్టుకోవడమంటే ఏమిటో తెలుసు. "ఆగుతాను" అంది.

నేతగత్తెకు కంటి మీద కునుకు లేదు. ప్లీడరు మాత్రం మర్నాడు గొడుగులాయన దుకాణానికి వెళ్ళి కూర్చున్నాడు. ఉత్తరం తను రాయనన్నాడు, అన్నగారే రాయాలన్నాడు. గొడుగులాయన ఒక పూటంతా "చెల్లీ" అన్న మాట రాసుకుని కూర్చున్నాడు, ఆ తర్వాత కలం కదల్లేదు. నాలుగు గొడుగులు బాగుచేసి వచ్చి మళ్ళీ కూర్చున్నాడు. చివరికి రెండే ముక్కలు రాశాడు: "ఓసారి రా. నీ గది గురించి నిన్నడగాలి."

ఎనిమిదో రోజున చెల్లెలు బస్సు దిగింది. నెరిసిన జుట్టు, చేతిలో ఒక సంచి. నేరుగా పడమటి గదిలోకి వెళ్ళి గోడకు ఆనుకుని కూర్చుంది. అన్న మంచినీళ్ళు తెచ్చి గుమ్మం దగ్గరే ఆగిపోయాడు. "లోపలికి రా అన్నయ్యా" అంది ఆమె. ఆ పూట అక్కడే, ఆ మట్టినేల మీదే అన్నాచెల్లెళ్ళిద్దరూ భోంచేశారు.

మర్నాడు అందరూ రిజిస్ట్రారు ఆఫీసుకు వెళ్ళారు. గదికి రావలసిన డబ్బు వేరేగా చెల్లెలి చేతికే అందేట్టు ప్లీడరు ముందే రాయించాడు. రిజిస్ట్రారు రోజూ వందమందిని అడిగే మాటే, తల ఎత్తకుండా, ఆమెనూ అడిగాడు.

"మీ ఇష్టపూర్వకంగానే ఇస్తున్నారా?"

చెల్లెలు మాట్లాడలేదు. గోడగడియారం టిక్కుటిక్కుమంటోంది. ఇప్పుడు ఈవిడ కాదంటే అంతా పోయినట్టే అనుకుంది నేతగత్తె. అన్న నోరు తెరవబోతే ప్లీడరు ఆయన చెయ్యి పట్టుకుని ఆపాడు.

"ఆవిడనే చెప్పనివ్వండి."

"ఇష్టమేనండీ" అంది చెల్లెలు చివరికి. "పెళ్ళప్పుడు అడగలేదు, అమ్మ పోయాక సామాను పంచుకున్నప్పుడూ అడగలేదు. నన్ను ఇష్టమా అని అడగడం ఇదే మొదలు. అందుకని కాసేపు అలా ఉండిపోయాను."

రిజిస్ట్రారు తల ఎత్తి చూశాడు. ఆమె సంతకం పెట్టింది.

సాయంత్రం నేతగత్తె ప్లీడరు ఇంటికి వెళ్ళింది. అప్పటికే అక్కడ గొడుగులాయన కూర్చుని ఉన్నాడు, ప్లీడరు పాత గొడుగుకు ఊడిన కమ్మీలు కుడుతూ. కూలి వద్దంటున్నాడట. తిట్టిన తిట్లన్నీ తలుచుకుని ఆమెకు సిగ్గేసింది. మీ రుణం ఈ జన్మలో తీరదండీ అని చేతులు జోడించింది. మీరు లేకపోతే ఒకరి గదిలో దొంగలా బతికేదాన్ని అంది. ఆ మాట అంటుంటే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, తుడుచుకోలేదు.

ప్లీడరుకు పొగడ్తలంటే ఇబ్బంది. కాగితాలు సర్దుతూ, "గుంట ఎప్పుడు తవ్వుతారు?" అన్నాడు.

"రేపే. నా ఇల్లు కదండీ, ఇంక ఎవర్ని అడగాలి?"

ఆయన దస్తావేజు ఆమె చేతిలో పెట్టాడు.

తెల్లారగానే ఆమె పడమటి గదిలో పసుపు నీళ్ళు చల్లి, గీత గీసి, గడ్డపార ఎత్తింది. ఎత్తినదాన్ని కాసేపు అలాగే పట్టుకుని ఎదుటి గోడ వైపు చూసింది. తర్వాత గడ్డపార గోడకు ఆనించి, చెప్పులేసుకుని, పక్కింటికి వెళ్ళింది.

పచ్చళ్ళావిడ మామిడికాయలు తరుగుతోంది.

"వదినా, మీ గోడ పక్కనే మగ్గం పెడుతున్నాను. రోజంతా చప్పుడవుతుంది. మీకు ఇబ్బందేమైనా ఉందా?"

పచ్చళ్ళావిడ కత్తిపీట వదిలి ఆమె ముఖంలోకి చూసింది.

"అడిగావు గనక చెబుతున్నాను వదినా. మా ఆయన రైలుగేటు కాపలా. తెల్లారి వచ్చి ఆ గోడవారే పడుకుంటాడు. పది దాటాక అయితే ఎంతసేపైనా నేసుకో."

"అలాగే" అంది నేతగత్తె.

ఆ మధ్యాహ్నం పచ్చళ్ళావిడ చీర కుచ్చిళ్ళు దోపుకుని వచ్చి గుంటలోంచి మట్టి ఎత్తిపోసింది. మర్నాటికి మగ్గం నిలబడింది. తెల్లవారుజామునే లేచిన నేతగత్తె సొంత గుంటలో కాళ్ళు పెట్టుకుని, కండెలకు నూలు చుట్టుకుంటూ, పది ఎప్పుడవుతుందా అని హాయిగా ఎదురుచూస్తూ కూర్చుంది.