ముందు గుమ్మం తిప్పక్క

నమ్మవు. పందెం వేస్తా, నువ్వు నమ్మవు. ఒక్క ఆడమనిషికి కోపమొస్తే ఊరు ఊరంతా నలగని పలుకుల పచ్చడి తిన్నదంటే ఎవడు నమ్ముతాడు? దమ్ముంటే చివరిదాకా విని అప్పుడు అబద్ధం అను.

అనగనగా. అంటే మీ తాత టైమ్ కాదు, మీ తాతకి తాత కూడా ఇంకా మొలతాడు కట్టుకోని కాలం. నల్లగుట్ట కింద ఒక ఊరు. ఆ ఊళ్ళో తిప్పక్క అని ఒకామె. పొలం లేదు, పాడి లేదు, మొగుడు ఎప్పుడో పోయాడు. ఆమెకి ఉన్నవి మూడే. ఒక ఉలి, ఒక సుత్తి, ఒక గొంతు. గొంతంటే మామూలు గొంతు కాదురా. ఈ వీధిలో అరిస్తే పక్క ఊళ్ళో కుక్కలు లేచి ఒళ్ళు దులుపుకునేవి.

"రోళ్ళకు గంట్లు పెడతా, తిరగళ్ళకు గంట్లు పెడతా, రాళ్ళకు పళ్ళు పెడతానమ్మా..."

మిక్సీ బ్యాచ్ కదా నువ్వు, చెప్తా విను. రోలు వాడగా వాడగా లోపల నున్నగా అయిపోద్ది, గుండు కొట్టించుకున్న తల లాగ. అప్పుడు పప్పేసి రుబ్బితే నలగదు, జారుకుంటూ తిరుగుతా ఉంటది. అందుకని ఉలితో లోపలంతా చిన్న చిన్న గంట్లు పెట్టాలి. అదే తిప్పక్క పని. పని అయ్యాక రోలు అంచు మీద సుత్తితో మూడు దెబ్బలు కొట్టేది. టక్, టక్, టక్. చెవి పెట్టి వినేది. విని, ఎవరూ అడక్కపోయినా ఇలా అనేది.

"పళ్ళు లేని రాయి నాకుతాది. పళ్ళున్న రాయి నములుతాది. పళ్ళు పెట్టింది ఎవరు? తిప్పక్క."

పెళ్ళి భోజనాల్లో అయితే ఇంకా ఘోరం. గారె తుంచి పక్కవాళ్ళ ముక్కు దగ్గర పెట్టేది. "ఎంత మెత్తగుందో చూడుమే. వేయించింది వాళ్ళే, కాదన్లే. రోలుకి పళ్ళు పెట్టింది ఎవరు?" పక్కనోళ్ళు నోట్లో గారె పెట్టుకుని "తిప్పక్క" అనాల్సిందే. అనకపోతే రెండో గారె తిననిచ్చేది కాదు.

ఇంక ఊరి పెద్ద. పేరు కదిరప్ప. చెరువు నీళ్ళు ఎవరి చేనుకి వదలాలో ఆయన చెప్పాలి, అందుకే ఆయన మాట ఎవరూ దాటరు. ఆయన కొత్త ఇల్లు కట్టాడు. ముందు గుమ్మానికి పెద్ద తలుపు, తలుపు నిండా తామరపూలు చెక్కించాడు. ఆ తలుపంటే ఎంత పిచ్చంటే, ఏ పనీ లేకపోయినా ఊరికే దాంట్లోంచి బయటికెళ్ళి, మళ్ళీ దాంట్లోంచి లోపలికొచ్చేవాడు.

ఆ ఇంటి రోలు నున్నబడిందని తిప్పక్కకి కబురొచ్చింది. ఉలి, సుత్తి ఒడిలో వేసుకుని వచ్చింది. నేరుగా పెద్ద తలుపు దగ్గరికి.

కదిరప్ప అరుగు మీద నలుగురితో కూర్చుని ఉన్నాడు. "ఏమ్మే, యాడికి? పెరటి దారిన రా. ఇది పెద్ద గుమ్మం."

"నేనొచ్చింది పెద్ద పనికే కదప్పా."

"రాళ్ళు కొట్టేది కూడా పెద్ద పనేనా?"

తనని ఏమన్నా తిప్పక్క దులిపేసుకునేది. పనిని అంటే మాత్రం ఊరుకోదు. "కదిరప్పా, ఒకటి అడుగుతా చెప్పు. పళ్ళు ముందరుంటాయా, వీపున ఉంటాయా? నీకు యాడున్నాయి? ముందరే కదా. పళ్ళు పెట్టేది కూడా ముందర నుంచే వస్తాది."

అరుగు మీదోళ్ళు నవ్వారు. అదీ తప్పు. వాళ్ళు నవ్వకుండా ఉండుంటే కథ అక్కడితో అయిపోయేది. కదిరప్ప మొహం ఎర్రగా అయిపోయింది.

"ఈరోజు నుంచి ఊళ్ళో ఎవరూ ఈమె చేత గంట్లు పెట్టించుకోకూడదు. పెట్టించుకున్నోళ్ళ చేనుకి నీళ్ళు రావు. చూద్దాం, ఎన్నాళ్ళు పళ్ళు పళ్ళు అంటావో."

అంతే. తిప్పక్కకి పని పోయింది. పని పోతే గింజ పోయింది. అయినా పొద్దున్నే లేచి ఉలి సానబెట్టుకునేది. వీధులన్నీ తిరిగి అరిచేది. ఎవరూ పిలిచేవాళ్ళు కాదు. ఇంటికొచ్చి తన రోలుకే గంట్లు పెట్టుకునేది. దాంట్లో వేసి రుబ్బడానికి ఏమీ లేదు, అది వేరే విషయం. ఆమె రోలంత పదునైన రోలు మాత్రం చుట్టుపక్కల ఏ ఊళ్ళోనూ లేదు.

ఇటు ఊళ్ళో ఒక్కో రోలూ గుండైపోయింది. ముందు పచ్చడిలో పలుకులొచ్చాయి. తర్వాత గారెలు గోలీకాయలయ్యాయి. తర్వాత సంగటికి పిండి కూడా రవ్వ రవ్వగా పడింది. పొద్దస్తమానం నమలడమే. నోరు ఖాళీ లేక అత్తాకోడళ్ళు గొడవలు కూడా మానేశారు.

కదిరప్ప ఊరుకుంటాడా? రాళ్ళు కొట్టడం ఎంతసేపు అన్నాడు.

మొదట వాళ్ళ బావమరిదిని పిలిచాడు, కుస్తీలు పట్టే వస్తాదు. వాడు ఊపిరి బిగబట్టి కొడితే రోలు మధ్యలో గుంట పడింది. పప్పు ఆ గుంటలోకి పోయి దాక్కుంది. వేలు పెట్టి లాగినా రాలేదు.

తర్వాత తలుపు చెక్కిన వడ్రంగిని పిలిచాడు. పాపం ఆయనకి ఉలి దొరికితే చెయ్యి ఊరుకోదు. రోలు లోపల తామరపువ్వు చెక్కాడు. చూడ్డానికి భలే ఉంది. పప్పు వేస్తే పువ్వు చుట్టూ ప్రదక్షిణం చేసి బయటికొచ్చేసింది.

మూడోసారి తనే కూర్చున్నాడు. మొదటి దెబ్బ రాయి మీద. రెండో దెబ్బ బొటనవేలి మీద. మూడో దెబ్బ లేదు.

ఇదంతా చూస్తోంది వాళ్ళమ్మ సుంకులవ్వ. అవ్వకి నోట్లో ఒక్క పన్ను లేదు. మెత్తగా రుబ్బింది తప్ప ఏదీ దిగదు. అన్నీ తోసేసి తోసేసి చిక్కిపోయింది.

"నాకూ పళ్ళు లేవు, రోలుకూ పళ్ళు లేవు. ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకుంటా కూర్చున్నాం. నువ్వు మాత్రం తలుపు చూసుకో నాయనా."

"అది కాదమ్మా, పరువు..."

"పరువు రుబ్బి పెట్టు, తింటా."

అని పీట లాక్కొచ్చి సరిగ్గా ముందు గుమ్మం మధ్యలో వేసుకుని కూర్చుంది. తిప్పక్క వచ్చేదాకా ఈ గుమ్మంలోంచి ఒక్కడూ పోడు, ఒక్కడూ రాడు అంది. తల్లిని దాటుకుని ఎట్లా పోతాడు? తలుపంటే ప్రాణం పెట్టే కదిరప్ప పెరటి దారిన తిరగాల్సి వచ్చింది. మొదటి రోజు పేడలో కాలేశాడు. రెండో రోజు గేదె తోకతో మొహం మీద కొట్టింది. మూడో రోజు పేడలో జారి, గేదె కాళ్ళ దగ్గర పడి, పైకి చూశాడు. గేదె కిందికి చూసింది. ఇంక లేచి అట్నుంచటే తిప్పక్క ఇంటికెళ్ళాడు.

ఆమె ఖాళీ రోలు ముందు కూర్చుని గంట్లు పెట్టుకుంటోంది. తల ఎత్తలేదు.

"తిప్పక్కా, పెరటి దారిన రామ్మా. మూటెడు జొన్నలు పంపిస్తా."

జొన్నలు అనగానే తిప్పక్క కడుపు గుర్రుమంది. కదిరప్పకి కూడా వినబడింది. ఇద్దరూ విననట్టే ఉన్నారు. అరిచే కడుపు మీద ఒక చెయ్యి వేసుకుని చెప్పింది. "పళ్ళు ముందరుంటాయప్పా."

"పోనీ పక్క గుమ్మం?"

"పక్కనుండేవి దవడ పళ్ళు. వాటికైనా దారి ముందర నుంచే."

"సరే మే, ముందు గుమ్మమే. మిట్టమధ్యాహ్నం రా, అందరూ కునుకు తీస్తుంటారు. ఎవరూ చూడరు."

తిప్పక్క అప్పుడు సుత్తి పక్కన పెట్టింది. "పళ్ళు పెట్టించుకున్నోడు నోరు మూసుకుని నవ్వుతాడా కదిరప్పా? నలుగురిలో నవ్వాల."

కదిరప్ప ఒంటి మీద పేడ ఎండిపోయేదాకా నిలబడ్డాడు. తర్వాత వంగి ఆమె ఉలి, సుత్తి తనే తీసి చేతికిచ్చాడు.

ఊరంతా చూస్తుండగా వచ్చింది. పెద్ద తలుపు ముందు ఆగి గడప మీద సుత్తితో మూడు కొట్టింది. టక్, టక్, టక్. "రాళ్ళకు పళ్ళు పెట్టేది వస్తాంది." అవ్వ పీట జరుపుకుంది. తిప్పక్క లోపలికెళ్ళింది.

గంట్లు పెడుతుంటే తామరపువ్వు కనబడింది. ఒక్క నిమిషం చెయ్యి ఆపింది. "పని బాగా చేసినాడు పాపం. చోటే తప్పు," అని దాని మీద కూడా గంట్లు పెట్టేసింది. మొదటి వాయిలో రాతిపొడి వస్తుంది కాబట్టి పారబోయించింది. రెండో వాయికి గారెలేశారు. మొదటి గారె అవ్వకి.

ఊరంతా గుమ్మంలో నిలబడి అవ్వ నోటికేసి చూస్తోంది. అవ్వ పెట్టుకుంది. కళ్ళు మూసుకుంది. మింగింది. "పళ్ళు పెట్టింది ఎవరు?" అంది.

"తిప్పక్క," అన్నారు అందరూ.

"నా కొడుకు గొంతు వినబళ్ళేదే?"

కదిరప్ప కూడా అన్నాడు. అప్పుడే అతనికి గారె పెట్టారు.

తర్వాత చాలా ఏళ్ళు బతికింది తిప్పక్క. పోయే ముందు ఒకటే అడిగింది. "నన్ను పూడ్చిన చోట నున్నటి రోలొకటి పెట్టండి. దానికి ఎవరూ గంట్లు పెట్టొద్దు. నేను లేకపోతే రాయి ఎట్లుంటాదో పోయేవాళ్ళు చూడనీ." చూశావా, చచ్చిపోతూ కూడా తగ్గలా. ఆ రోలు ఇప్పటికీ గుట్ట కింద ఉంది. వానకి నీళ్ళు నిండితే పిచ్చుకలు తాగి పోతాయి.

అందుకే మావైపు ఎవరింటికి పనికెళ్ళినా, తాపీ మేస్త్రీ అయినా, కరెంటు పనోడైనా, ముందు గుమ్మం మీద మూడు కొట్టి లోపలికొస్తాడు. ఒక్కడు కూడా పెరట్లోంచి రాడు. రోళ్ళు పోయాయి కదా, ఇప్పుడు మిక్సీ మూత మీద మూడు కొట్టి అప్పుడు స్విచ్ వేస్తారు. పచ్చడిలో పలుకులొస్తే మాత్రం వండినోళ్ళని ఒక్క మాట అనరు. "ఏం, తిప్పక్క ఇయ్యాల పెరటి దారిన వచ్చిందా?" అని అడుగుతారు, అంతే. ఆ మాటకి ఎంత సిగ్గేస్తుందో నీకు తెలీదు, మా ఇంట్లో అయితే...

ఆగు, అమ్మ పిలుస్తోంది. ఇయ్యాల చట్నీ వేసింది నేనే. తిప్పక్క ఏ దారిన వచ్చిందో అడుగుతోంది.