పేరడిగే ఎలుగుబంటి

దగ్గరికి జరగండర్రా, వెనకవాళ్ళకి కూడా వినబడాలి. ఆ దేవుణ్ణి తలుచుకుని మొదలుపెడుతున్నాను. ఇది నవ్వించే కథ కాదు, ముందే చెబుతున్నా.

అనగనగా రెండు అడవులు, మధ్యలో ఒక ఏరు. ఇవతలి అడవికి పులి రాజు. పొద్దున్నే ఆ పులి పంపిన నక్కలు వచ్చి, "నీ పేరేంటి?" అని అడిగి వెళ్ళేవి. పేరు చెప్పిన జంతువు సాయంత్రానికి కనిపించేది కాదు. అలాగే మగడు పోయాక, రేలమ్మ అనే దుప్పి తన పిల్ల చిగురును వెంటబెట్టుకుని ఏరు దాటింది.

అవతలి అడవి పచ్చగా ఉంది. కానీ ఎక్కడ ఏముందో తెలియాలి కదా? అంతలో ఒడ్డున ఒక కుందేలు కనిపించింది. తమ అడవిదే. రెండేళ్ళ కిందట వచ్చింది.

"అన్నయ్యా, నువ్వా!" అని రేలమ్మ ఏడ్చేసింది.

"ఏడవకు చెల్లీ, నేనున్నాగా! ఈ అడవిలో నాకు తెలియని ఆకు లేదు," అంది కుందేలు.

నిజం చెప్పనా? ఆ రెండేళ్ళూ కుందేలు ఒడ్డు పక్కన పొదలోనే దాక్కుంది. ఎవర్నీ ఏదీ అడగలేదు. కానీ "నాకు తెలియదు" అనడం దానికి నామోషీ.

"అన్నయ్యా, మంచినీళ్ళు ఎక్కడ?"

"పెద్ద చెరువు ఇక్కడివాళ్ళదమ్మా, మనల్ని రానివ్వరు. ఈ మడుగు చాలదూ?"

తల్లీ పిల్లా ఆ పాచి నీళ్ళే తాగాయి.

"మరి మేత?"

"గట్టు మీదికి పోకు. ఏనుగులు తొక్కేస్తాయి."

తల్లీ పిల్లా ఎండుటాకులు నమిలాయి.

నాలుగో రోజుకి చిగురుకి నిలబడే ఓపిక లేదు.

"అన్నయ్యా, బిడ్డ ఒళ్ళు కాలిపోతోంది! మందిచ్చేవాళ్ళు ఎవరూ లేరా?"

కుందేలు మీసాలు దువ్వుకుంది. "గుహలో ఎలుగుబంటి ఉంది. వేళ్ళు దంచి మందిస్తుందట. కానీ ముందు పేరడుగుతుందట."

రేలమ్మ బిడ్డను దగ్గరికి లాక్కుంది. "పేరా? ఎందుకూ?"

ఎందుకో కుందేలుకు తెలియదు. "తెలియదు, వెళ్ళి అడుగుదాం" అంటే సరిపోయేది. అనలేదు.

"ఎందుకేమిటి? అక్కడ పులి ఎందుకడిగిందో, ఇక్కడ ఇదీ అందుకే!" అంది.

రేలమ్మ ఆగిపోయింది. ఒక రోజు ఆగింది. రెండు రోజులు ఆగింది. మూడో రోజు మధ్యాహ్నం చిగురు కళ్ళు తేలేసింది. అప్పుడిక రేలమ్మ బిడ్డను వీపున వేసుకుని గుహకు పరుగెత్తింది. కుందేలు వెనకాలే వెళ్ళింది.

"నా పేరు రేలమ్మ. నన్ను తిను. నా బిడ్డను మాత్రం బతికించు!"

ఎలుగుబంటి తెల్లబోయింది. "నిన్ను తినడమేంటి తల్లీ? నేను తినేది తేనె, ఇప్పపూలు. బిడ్డ పేరు చెప్పు. ఎవరి కోసం మొక్కుతున్నానో దేవుడికి చెప్పుకోవాలి కదా, అందుకే అడుగుతాను."

"చిగురు."

"చిగురూ!" అని పిలుస్తూ ఎలుగుబంటి మందు పోసింది. "చిగురూ!" మందు మూతి పక్కనుంచి కారిపోయింది. "చిగు..." మూడోసారి పేరు పూర్తి చేయలేదు.

ఊపిరి ఆగిన చిగురు కళ్ళు మూసి, ఎలుగుబంటి మెల్లగా అడిగింది. "జ్వరం ఎన్నాళ్ళుగా, తల్లీ?"

"మూడు రోజులు. ఒడ్డు పక్కన మడుగు దగ్గరే ఉన్నాం."

"మూడు రోజులా? ఆ మడుగు దగ్గర కేకేస్తే నా గుహకు వినబడుతుందే!"

రేలమ్మ కుందేలు వైపు తిరిగింది. "అన్నయ్యా, ఇది తింటుందని నీకెవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు చెల్లీ," అంది కుందేలు తల వంచుకుని. "నాకు తెలియదు."

ఆ మాట అప్పుడొచ్చింది దాని నోట.

ఇప్పుడు ఏరు దాటి ఎవరొచ్చినా, ఒడ్డున రేలమ్మ ఉంటుంది. ముందు చెరువు చూపిస్తుంది. తర్వాత గుహ దాకా తనే వెంటబెట్టుకుని వెళుతుంది.

నీతి: కొత్తగా వచ్చినవాళ్ళు దారి అడిగితే, తెలియనిది తెలిసినట్టు చెప్పకూడదు, "నాకు తెలియదు, పద, అడుగుదాం" అన్న ఒక్క మాట ప్రాణం నిలబెడుతుంది.