మంచుగట్టు దళవాయి సంతకం

సింగనగిరి రాజు తిమ్మభూపాలుడికి సేనాపతుల సంతకాల పిచ్చి పట్టుకుంది. ఏ దేశపు సేనాపతి అయినా సరే, గెలిచినా సరే, ఓడినా సరే, స్వయంగా సంతకం చేసిన జాబు ఎక్కడుందని తెలిస్తే అక్కడికి మనిషిని పరిగెత్తించేవాడు.

తెప్పించినవాటిని చదివేవాడా అంటే, అదీ లేదు. రాతంతా వెనక్కి మడిపించి, అడుగున సంతకం ఒక్కటే కనబడేలా గంధపుచెక్క చట్రంలో బిగించి సభామండపం గోడకు తగిలించేవాడు.

సంతకం అసలుదో నకిలీదో తేల్చే పని భైరవభట్టుది. ‘లేఖాపరీక్షక శిఖామణి’ అని ఆయనకో బిరుదు. ఒక కన్ను మూసి చూసేవాడు. ఆ తర్వాత కాగితాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని గట్టిగా పీల్చేవాడు.

“రణరంగం వాసన గుప్పుమంటోంది ప్రభూ!”

రాజు పొంగిపోయేవాడు.

అదే కొలువులో కోనప్ప ఉన్నాడు. కబుర్లు చెప్పి రాజును నవ్వించడం అతని ఉద్యోగం. ఒక ఉదయం కోటగుమ్మం దగ్గర అతనికి ఓ సైనికుడు కనిపించాడు. ఉత్తరపు సరిహద్దులోని మంచుగట్టు కోట నుంచి వచ్చాడట. ఎండలో నిలబడి కూడా వణుకుతున్నాడు.

“పైన మావాళ్ళు గోనెలు కప్పుకుని కాపలా కాస్తున్నారయ్యా. కంబళ్ళు పంపమని మా దళవాయి రుద్రప్పగారు జాబు మీద జాబు రాశారు. ఉలుకూ పలుకూ లేదు. ఈ చలికి ఎంతమందిమి మిగులుతామో!”

కోనప్ప నేరుగా రాజు దగ్గరికి వెళ్ళి సంగతి ఎత్తాడు. రాజు అప్పుడే కొత్త చట్రం ఒకటి గోడకు తగిలిస్తున్నాడు.

“చలి సంగతి తర్వాత చూద్దాంలే కోనప్పా! ముందిది చూడు. మన రుద్రప్పదే. ఆ ‘ప్ప’ కింద వత్తు ఎలా తిప్పాడో! అచ్చం గుర్రం తోకలా లేదూ?”

కోనప్ప ఆ మడతకేసి చూశాడు.

ఆ మధ్యాహ్నం నిండు సభలో రాజు ముచ్చటపడి ఓ పందెం పెట్టాడు.

“ఈ గోడ మీద ఒక్క దొంగ సంతకం చూపించినవాడికి నా చేతి కడియం ఇస్తాను!”

“దొరికితే నా బిరుదు వదులుకుంటాను,” అన్నాడు భైరవభట్టు మీసం దువ్వుకుంటూ.

కోనప్ప లేచాడు. చట్రాలన్నీ తాపీగా చూసుకుంటూ వెళ్ళి కొత్తదాని ముందు ఆగాడు.

“ఇది దొంగది ప్రభూ.”

భట్టు పకపకా నవ్వాడు. “రుద్రప్పదా? నేను స్వయంగా పరీక్షించానయ్యా!”

“వాసన కూడా చూశారా?”

“చూడకేం! పొగ, చెమట, కొండగాలి, అన్నీ తగిలాయి.”

“ఒట్టేసి చెప్పగలరా?”

“నా బిరుదు మీద ఒట్టు! సంతకమే కాదు, లోపలి ప్రతి అక్షరమూ రుద్రప్పదే!”

కోనప్ప రాజువైపు తిరిగాడు. “మడత విప్పి చదవండి ప్రభూ. ఎందుకు దొంగదన్నానో తమకే తెలుస్తుంది.”

రాజు అయిష్టంగానే చట్రం విప్పించి, అందరికీ వినబడేలా చదవడం మొదలుపెట్టాడు.

“‘మంచు ముంచుకొస్తోంది. కప్పుకోవడానికి కంబళ్ళు లేవు. వేళ్ళు కొంకర్లు పోయి మనవాళ్ళు ఈటె కూడా పట్టుకోలేకపోతున్నారు. ఇంతకుముందు రాసినవాటికి జవాబు రాలేదు...’”

చదువుతున్నకొద్దీ ఆయన గొంతు తగ్గిపోయింది.

కోనప్ప చేతులు జోడించాడు.

“చూశారా ప్రభూ! మన సేనాపతి కంబళ్ళు అడిగితే తమరు ఆ జాబును గోడకు తగిలించుకుంటారా? ఎంత మాట! ఇది ముమ్మాటికీ దొంగ జాబే!”

రాజు మెల్లగా భట్టుకేసి తిరిగాడు.

“ఏమయ్యా, దొంగదేనా?”

దొంగదంటే బిరుదు పోతుంది. అసలుదంటే తప్పు రాజుగారిదవుతుంది. భట్టు జాబును ముక్కు దాకా తెచ్చుకున్నాడు. పీల్చాడు. మళ్ళీ పీల్చాడు. నుదుటి మీద చెమటలు పట్టాయి.

“ప్రభూ... నాకు... ఉదయం నుంచి జలుబండీ.”

ముందు నవ్వింది రాజే. దాంతో సభంతా గొల్లుమంది. నవ్వుతూనే ఆయన కళ్ళు తుడుచుకున్నాడు. ఆ తడి అంతా నవ్వుదే కాదని దగ్గరున్నవాళ్ళు గమనించారు.

“జాబు అసలుదేనయ్యా. చదవని రాజే నకిలీ. కొట్లో ఉన్న కంబళ్ళన్నీ ఇప్పుడే బండ్లకెత్తండి! భట్టూ, వాటి వెంట నువ్వే కొండెక్కు. ప్రతి మనిషికీ నీ చేత్తో కప్పి రా.”

తర్వాత కడియం తీసి కోనప్పను పిలిచాడు.

“జాబు అసలుదని తేలింది కదా ప్రభూ, నేను ఓడిపోయాను,” అన్నాడు కోనప్ప అమాయకంగా.

“చెయ్యి చాపవయ్యా బాబూ! నువ్వు ఇంకో మాట మాట్లాడితే ఈసారి నా కిరీటం కూడా పోయేలా ఉంది!” అంటూ రాజు స్వయంగా అతని చేతికి కడియం తొడిగాడు.